వంతుల మామిడి

మా చెల్లె ఈ ఎండాకాలం కూడా మామిడికాయల సంచి మోసుకొని వచ్చింది. చెల్లె అంటే నా తోడబుట్టింది కాదు, మా చిన్నాయన బిడ్డ. నాకంటే కొన్ని నెలలే చిన్నది. హన్మకొండ సుబేదారిలో మేముండేది రెండో అంతస్తు. లిఫ్టు ఉన్నా ఆమె నమ్మదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, సంచి తెచ్చి వంటింటి నేలమీద గుమ్మరించింది. తొడిమల దగ్గర సొన ఇంకా తడిగానే ఉంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు కడుపులో మంట మొదలైంది. తిన్నది అరగక వచ్చే మంట కాదు, చిన్నప్పటి మంట. మోకాళ్ళు అరిగిపోయాయి కానీ అది మాత్రం ఇంతవరకు అరగలేదు.

"గివ్వే ఆఖరు కాయలక్కా," అన్నది, చెంగుతో మొఖం తుడుచుకుంటూ. "ఇగ వచ్చే యేడు తేను."

"ఎందుకు తేవే?"

"ముందుగాల నీళ్ళియ్యి. చెప్త."

ఆమె ఏం చెప్పిందో చివర చెప్తాను. అది అర్థం కావాలంటే ఆ చెట్టు సంగతి తెలియాలి, చెట్టు సంగతి తెలియాలంటే మా ఇంటి పంపకం తెలియాలి.

మాది హసన్‌పర్తి దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. మోటబావి కింద వరి, చెలకల్లో మిరప, పత్తి, మక్కజొన్న. మా బాపు పెద్దోడు, చిన్నాయన చిన్నోడు. చాలా ఏళ్ళు ఒక్క పొయ్యి మీదే వండుకున్నారు. మా అవ్వకూ చిన్నమ్మకూ పొసగకపోవడంతో, అవ్వ అంటే మా వైపు అమ్మ, చివరికి వేరుపడక తప్పలేదు. ఊరి పెద్దమనుషులు వచ్చి వాకిట్లో మంచాల మీద కూర్చున్నారు. చాయ్‌లు తాగారు, చుట్టలు కాల్చారు, మా తాత ఎంత మంచివాడో చెప్పుకొని నిట్టూర్చారు. తరువాత పంపకం మొదలుపెట్టారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పెద్దోడు పాళ్ళు పెట్టాలి, చిన్నోడు ఏరుకోవాలి. ఏది తనకు మిగులుతుందో తెలియదు కాబట్టి పెట్టేవాడు మోసం చేయడు. మా బాపు సంగతి ఆ పద్ధతి లేకపోయినా అంతే. నోట్లో నాలుక లేని మనిషి. పొలాన్ని తాడు పట్టి కొలిచాడు, బర్రెలను జతలుగా విడదీశాడు, బావిలో నీళ్ళకు వంతులు పెట్టాడు. రోలు చిన్నాయనకు పోతే రోకలి మాకు వచ్చింది. రోలు లేని రోకలి పెట్టుకొని మా అవ్వ ఎన్నాళ్ళు సాధించిందో బాపుకే తెలుసు. వాకిలి మధ్యలో మట్టిగోడ లేచింది. గోడకు అటు వాళ్ళు, ఇటు మేము.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి. రెండోది పెరట్లో మామిడిచెట్టు. ఆ చెట్టు బాపమ్మదే. కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి నుంచి టెంక కొంగున కట్టుకొని తెచ్చి పాతిందట. దాని కాయ పుల్లగా, గట్టిగా, పీచు లేకుండా ఉండేది. పచ్చడి, మా భాషలో తొక్కు, పెడితే రెండేళ్ళయినా ముక్క మెత్తబడేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా అడిగి తెప్పించుకునేవాళ్ళు.

"ఇగ నువ్వెవరి దిక్కే ముసలవ్వా?" అని అడిగారు పెద్దమనుషులు.

బాపమ్మ ఆకు నములుతూ, "నేనెవ్వరి దిక్కు గాదు," అన్నది. "ఉగాది నుంచి ఉగాది దాక ఒకని కాడ, మళ్ళ ఉగాది నుంచి ఇంకొకని కాడ. నన్ను ఎవడు సాదుతే ఆ యేటి కాయ వానిది. నా చెట్టు నా ఎంబడే వస్తది."

"బంగారమసొంటి మాట," అన్నారు అందరూ. ముందు ఎవరి దగ్గర అంటే, చిన్నోడే ఏరుకోవాలి కదా. "ముందుగాల అవ్వ నా కాడనే ఉండని," అన్నాడు చిన్నాయన. ఆశకు పోయి అన్నాడని నేననను. తల్లి అంటే ఆయనకు ప్రాణం. కానీ ఆ యేడు చెట్టు కొమ్మలు నేలకు ఆనేటట్టు కాసింది.

చూడండి, అక్కడ కూర్చున్నవాళ్ళందరూ పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఎవుసం చేసినవాళ్ళు. ఆకు ముడత చూసి మిరపకు ఏం రోగమో చెప్పగలరు. అయినా మామిడి ఒక యేడు విరగకాస్తే మరుసటి యేడు కాయకుండా అలుగుతుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు! మా బాపుకు మాత్రం వాళ్ళు లేచిపోయాక, చేతులు కడుక్కుంటుంటే తట్టిందట. ఒకసారి ఒప్పుకున్నాక మళ్ళీ నోరు తెరవడం ఆయనకు చేతకాదు. అలా చెట్టు విరగకాసే యేడల్లా వాళ్ళ వంతు, అలిగే యేడల్లా మా వంతు అయింది.

వాళ్ళ వంతు యేడు మా ఇంట్లో ఎండాకాలం ఎలా గడిచేదో అడగండి. పొద్దున్నే గోడ అవతల కత్తిపీట చప్పుడు. టెంకతో సహా కాయ తెగే టక్కుటక్కు. తరువాత మెంతులు వేగే వాసన, దంచిన ఎల్లిపాయ వాసన, కాగిన మంచినూనె వాసన. మాకు ఉన్న నాలుగు మక్కగింజలు ఉడికించిన గట్కలోకి అవ్వ ఉల్లిగడ్డ కోసి పెట్టేది. "ముక్కులు మూసుకొని తినుండ్రి," అనేది. ముక్కు మూసుకుంటే గట్క గొంతు దిగుతుందా!

సాయంత్రానికి చిన్నమ్మ గోడమీద నుంచి ఒక గిన్నె తొక్కు అందించేది. "పిల్లలు తింటరని, అక్కా," అనేది తియ్యగా. ఒట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదు. మా అవ్వ అందులో బెల్లంగడ్డ వేసి ఇచ్చేది, ఇచ్చి వచ్చి, "నా బెల్లం పాయె, వాళ్ళ గొప్ప ఉండె," అని గొణిగేది. ఆ గిన్నెను నేను ఎంత ద్వేషించానో చెప్పలేను. తినకుండా ఉన్నానా అంటే, లేదు, వేళ్ళు కూడా నాకాను. తింటూనే ఏడ్చాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

వీటన్నిటికంటే ఘోరం మా చెల్లె. లంగా ఒళ్ళో మామిడిముక్కలు, ఉప్పూకారం పొట్లం పెట్టుకొని గోడెక్కి కూర్చునేది. కాళ్ళు మా వైపు వేలాడేసేది. ఒక ముక్క కొరికి, కళ్ళు చికిలించి, నాలుక టక్కున కొట్టి, "తింటవా అక్కా?" అనేది. మంచి మనసుతోనే అడిగేదని ఇప్పుడంటారు మా ఆయన. ఆయనకేం తెలుసు! ఆ గొంతు ఆయన విన్నారా?

ఒకసారి నేను, "నువ్వు జీడి మింగినవు కదా, నీ కడుపుల చెట్టు మొలుస్తది, చెవులల్లకెల్లి కొమ్మలొస్తయి," అన్నాను. పిచ్చిది నమ్మింది. చెవులు మూసుకొని ఊరంతా వినబడేటట్టు ఏడ్చింది. నా పగ తీరిందనుకునేలోగా బాపమ్మ ఆమెను ఒళ్ళో వేసుకొని, "అట్ల మొలుస్తే మంచిదే బిడ్డా, నీ చెవుల కాయలు నేనే తెంపుత," అని ఊపుతూ కూర్చుంది. కాయలూ ఆమెకే, ఒళ్ళూ ఆమెకే. నేను గోడ ఇవతల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

మా వంతు వచ్చిన ఉగాదికి బాపమ్మ సందుగ మా ఇంటికి వచ్చేది. సందుగ అంటే చిన్న రేకుపెట్టె. నాలుగు చీరలు, కొయ్య దువ్వెన, ఆకువక్కల సంచి. గోడకు దారి లేదు కాబట్టి చిన్నాయన దాన్ని భుజాన పెట్టుకొని వీధిలోంచి తిరిగి వచ్చి మా అరుగు మీద దించేవాడు. వెనకాల బాపమ్మ చేతికర్రతో వచ్చేది. ఆమె వెనకాల మా చెల్లె మూతి ముడుచుకొని వచ్చేది. ఆ ముడిచిన మూతి చూస్తే నాకు పండుగే. కానీ తలెత్తి చూస్తే చెట్టు మీద ఆకులు, ఆకుల మధ్యలో ఆకాశం. ఉగాది పచ్చడిలోకి కాయ కావాలంటే కర్ర పట్టుకొని వెతకాల్సి వచ్చేది.

సాయంత్రాలు బాపమ్మ నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకొని తల దువ్వేది. ఆముదం రాసి, చిక్కులు తీస్తూ, తన పుట్టింటి కబుర్లు చెప్పేది. నేను మాత్రం చెట్టు వైపే చూస్తుండేదాన్ని.

అలా మా రెండో వంతు యేడు కూడా చెట్టు అలిగింది. మిరప ఏరడానికి వచ్చే కూలోళ్ళకు సద్దిలోకి తొక్కు లేదు. అవ్వ ఎల్లిపాయ కారం నూరలేక నూరి చేతులు మండి, ఆ మంట బాపు మీద తీర్చుకుంటోంది. అప్పుడు బాపమ్మ లేచి గొడ్డలి తెమ్మంది.

కాయని చెట్టును బెదిరించడం మా ఊళ్ళో ఆచారం. ఒకరు గొడ్డలెత్తి, "కాస్తవా, నరకాల్నా?" అని చెట్టును అడుగుతారు. ఇంకొకరు ఉరికొచ్చి చెట్టుకు అడ్డం నిలబడి, "వద్దు వద్దు, వచ్చేడు కాస్తది!" అని వచ్చే యేటికి హామీ ఉండాలి. అప్పుడు గొడ్డలి దించి, మొదలుకు పసుపు రాస్తారు. చెట్టుకు చెవులుంటాయని, మాట పడ్డాక సిగ్గుకైనా కాస్తుందని బాపమ్మ నమ్మకం.

"నువ్వు అడ్డం రావాలె, సమజైందా?" అన్నది నాతో. తలూపాను.

బాపమ్మ కొంగు నడుముకు చుట్టుకొని, గొడ్డలెత్తి, గట్టిగా అడిగింది. "ఏమే, కాస్తవా, నరకాల్నా?"

నేను చెట్టు ముందుకు పోయాను. నోరు తెరిచాను. అప్పుడు తట్టింది. వచ్చేడు అంటే ఎవరి వంతు? వాళ్ళది! అంటే నా నోటితో నేనే, చెట్టును పట్టుకొని, వాళ్ళకు కాయమని బతిమాలాలా? నోరు మూసుకున్నాను.

"ఏందే, నోట్ల మన్ను పోసుకున్నవా? అను!"

"అనను. ఈ యేడే కాయమను."

"ఈ యేడు ఎట్ల కాస్తదే పిచ్చిపొల్ల, కాలం దాటిపాయె."

"అయితే నరుకు."

"ఏమన్నవ్?"

"నరుకు బాపమ్మా! మనకు లేంది వాళ్ళకెందుకు? నరికెయ్!"

బాపమ్మ చేతిలో గొడ్డలి అలాగే ఉండిపోయింది. ఇంతలో గోడమీద నుంచి ఎవరో దబ్బున దూకారు. మా చెల్లె. మోకాలు చెక్కుకుపోయినా చూసుకోకుండా ఉరికొచ్చి చెట్టును రెండు చేతులా వాటేసుకుంది. "వద్దు బాపమ్మా, వద్దు వద్దు! వచ్చేడు కాస్తది! వచ్చేడు కాస్తది!"

"ఎందుకనవే, వచ్చేడు నీ వంతేనాయె!" అన్నాను నేను, ఒళ్ళంతా మండి.

ఆమె నావైపు తిరిగి, ఏడుపు ముఖంలోనే నవ్వి, "ఔను, వచ్చేడు బాపమ్మ మా ఇంటికొస్తది," అన్నది. నేను కాయల సంగతి అడిగితే ఇది ఇంకేదో చెప్తోంది, మొద్దుది, అనుకున్నాను.

పసుపు రాయకుండానే బాపమ్మ గొడ్డలి పక్కన పడేసి, చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం బాపు కాళ్ళు కడుక్కొని రాగానే పిలిచింది.

"పెద్దోడా, పంపకంల తప్పు వడ్డది. నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి నోరెందుకు తెరువలే?"

"వాడు ఏరుకున్నడు. ఇగ ఏమంటనవ్వా."

"నీ పెద్దమనిషితనం పాడుగాను! చెట్టును నరుకుమన్న పిల్ల రేపు మనుషులను నరుకుమంటదిరా." అంతే అన్నది. నన్ను తిట్టనూ లేదు. రోజూలాగే తల దువ్వింది, కాకపోతే ఆ రోజు కబుర్లు లేవు.

మరుసటి ఉగాది వచ్చింది. చెట్టంతా పిందెలే. ఎండ నేల మీద పడకుండా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. చిన్నాయన వచ్చి సందుగ భుజానికెత్తుకున్నాడు. వెనకాల చెల్లె కొత్త గౌను వేసుకొని, ముఖం వెలిగిపోతూ వచ్చింది. బాపమ్మ మంచం వేసే మూలను తానే అలికి ముగ్గు పెట్టిందట, చెప్పింది కూడా. బాపమ్మ మంచం దిగలేదు.

"నేను ఈ యేడు రాను బిడ్డా. ఈ యేడు గూడ ఈడనే ఉంట."

చిన్నాయన భుజాన పెట్టుకున్న సందుగ అలాగే ఉంది. "ఎందుకవ్వా? మేమేమన్న తక్కువ జేసినమా?"

"నువ్వు తక్కువ జెయ్యలే. నీకే ఎక్కువ వడ్డది. చెట్టు కాసేటప్పుడల్ల నీ ఇంట్ల ఉంటి, అలిగేటప్పుడల్ల వీని ఇంట్ల ఉంటి. ఒక్కేడు ఈడ ఆగితే వంతు సమమైతది. వచ్చే ఉగాదికి నీ ఇంటికే వస్త."

ఆయన సందుగను నెమ్మదిగా అరుగు మీద దించి, తువ్వాలతో దాని మీది దుమ్ము తుడిచి, వెళ్ళిపోయాడు. కాసేపటికి గోడ అవతల చిన్నమ్మ అందుకుంది. "ముసల్దానికి బెల్లం వెట్టి మచ్చిక జేసుకున్నరు! తినుండ్రి, కడుపు వగుల తినుండ్రి! ఇగ మా గడప ఎవ్వలన్న తొక్కితే సూడుండ్రి!" మా అవ్వ ఊరుకుంటుందా? ఆ పండుగ పూట రెండు ఇళ్ళ నోళ్ళూ ఊరంతా విన్నది.

ఈ గోలలో చెల్లె మా వాకిట్లోనే నిలబడి ఉంది. "మరి బాపమ్మ?" అని అడిగింది. ఆ కేకల్లో ఎవరు పట్టించుకుంటారు! నేనైతే విననే లేదు, పిందెలు చూస్తున్నాను.

ఆ యేటి ఎండాకాలం మాది! అబ్బ, ఇప్పటికీ తలుచుకుంటే నోరూరుతుంది. కత్తిపీట చప్పుడు మా వైపు నుంచి. మెంతుల వాసన మా పొయ్యి మీది నుంచి. జాడీలు చాలక అవ్వ పక్కవాళ్ళవి అడిగి తెచ్చింది. ఒరుగులు ఇంటి మీద ఎండబోస్తే కోతులు రాకుండా నేను కర్ర పట్టుకొని కూర్చున్నాను. ముక్కలు కోస్తూ కొరుకుతూ సొన తగిలి అవ్వ మూతి పొక్కింది, అయినా నవ్వు ముఖమే. అవ్వ కూడా ఒక గిన్నె తొక్కు గోడమీద పెట్టింది. చిన్నమ్మ ముట్టలేదు. చీమలు పట్టాక మేమే తీసేశాం.

నేను చేయవలసింది ఒకటి మిగిలింది. ఒళ్ళో ముక్కలు, ఉప్పూకారం పొట్లం పెట్టుకొని గోడెక్కాను. కాళ్ళు వాళ్ళ వైపు వేలాడేశాను. ముక్క కొరికి, నాలుక టక్కున కొట్టి, "తింటవా చెల్లే?" అన్నాను.

ఆమె తలెత్తింది. కానీ చూపు ముక్క మీద లేదు, నా మీదా లేదు. నా పక్క నుంచి, మా అరుగు మీద మంచం వైపు చూస్తోంది. కాసేపటికి లోపలికి పోయింది. నాకు ఎంత కోపం వచ్చిందో! ఇన్నేళ్ళు నేను కడుపు రగిలిపోయి చచ్చానే, నా వంతు వస్తే దీనికి కొంచెం కూడా మండదా?

ఆ యేడు ఇంకొకటి కూడా మొదలైంది. మునిమాపు వేళ బాపమ్మ నా తల దువ్వుతూ దువ్వుతూ మధ్యలో ఆగి, గోడ వైపు తిరిగి గొంతు పెంచి, "చిన్నది తిన్నదానే?" అని అడిగేది. "నాకేమెరుక," అనేదాన్ని. "జర సూడు." "సూడ." రోజూ ఇదే. తల నాది, దువ్వెన నా తలలో ఉంది, బాపమ్మ మా ఇంట్లో ఉంది, కాయ మా ఇంట్లో ఉంది, అయినా ఆ ప్రశ్న మాత్రం గోడ దాటి పోయేది. ఆ ప్రశ్న మీద కూడా నాకు ఈర్ష్యే.

చలికాలంలో బాపమ్మ పోయింది. దగ్గు పట్టుకుంది, దవాఖానకు తీసుకుపోయేలోగా అయిపోయింది. ఉగాది ఇంకా రాలేదు. చిన్నాయన వంతు రానేలేదు.

దినాలు అయ్యాక బాపు గోడ దగ్గరికి పోయి, అటు నిలబడ్డ తమ్ముడితో, "చెట్టు, దాని కింది జాగ నీదేరా," అన్నాడు. "అవ్వను రెండేండ్లు నేనే ఉంచుకున్న. చెట్టు ఇగ నువ్వే ఉంచుకో." మా అవ్వ దానికి ఎన్నాళ్ళు ఏడ్చిందో! నేను ఆమె పక్కన కూర్చొని ఆమెకంటే ఎక్కువ ఏడ్చాను. ఆ ఏడుపు బాపమ్మ కోసమా, చెట్టు కోసమా అని అడగకండి, ఆ వయసులో రెండూ ఒక్కటే.

తరువాత నాకు పెళ్ళయి హన్మకొండ వచ్చాను. చెల్లె ఒక్కతే సంతానం కనుక ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చారు, ఆమె అక్కడే ఉండిపోయింది. కాసిన యేడు సంచి నిండా, అలిగిన యేడు నాలుగైనా సరే, కాయలు తెచ్చిచ్చేది. తెచ్చిన ప్రతిసారీ నేల మీద చతికిలబడి, "బాపమ్మ మీ ఇంట్ల ఆగిన యేడు ఏమేం జెప్పిందక్కా?" అని అడిగేది. నేను ఆమె పుట్టింటి కబుర్లన్నీ చెప్పేదాన్ని. ఆ మునిమాపు ప్రశ్న సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అన్నీ ఆమెకే పోతే నాకేం మిగలాలి?

ఈసారి నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి చెప్పింది. "మా కొడుకు జాగ అమ్మిండక్కా. ప్లాట్లు జేస్తాండ్రు. మొన్న మిషిని తోలుకొచ్చిండ్రు. నేను ఉరికి చెట్టుకు అడ్డం నిలవడ్డ. వద్దు వద్దు, వచ్చేడు కాస్తది అన్న. నాకు తెల్వకుండనే వచ్చింది నోట్లకెల్లి. ఆ మిషిని పిలగాడు నవ్విండు. 'అవ్వా, జర పక్కకు జరుగు' అన్నడు." గ్లాసు పక్కకు జరిపి, "కాయలు తెంపుకునేదాక ఆగిండు, పాపం. మంచోడే," అన్నది.

ఎన్నడో నరికెయ్ అన్నదాన్ని నేను. ఇప్పుడు నిజంగా నరికారు. సంచిలోంచి దొర్లిన కాయ ఒకటి గ్యాసు పొయ్యి కిందికి పోతే వంగి తీశాను. ఇక దాచుకోవడానికి చెట్టే లేనప్పుడు మాట దాచుకొని ఏం చేసుకుంటాను? చెప్పేశాను. బాపమ్మ ఆ యేడంతా మునిమాపు వేళ నా తల దువ్వుతూ, గోడ దిక్కు తిరిగి, నువ్వు తిన్నావా అని అడిగేదే, అని.

ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఇన్నేళ్ళు దాచినదాన్ని ఇచ్చాను కదా, ఏదో ఒకటి అంటుందనుకున్నాను.

"తెల్సు," అన్నది.

"ఎట్ల తెల్సు?"

"గోడవతల్నే కూసుండేదాన్ని గదా, రోజు. మా అవ్వ సూస్తే కాళ్ళిరగ్గొడ్తదని నక్కి కూసుందును. బాపమ్మ అడగంగనే, 'తిన్న బాపమ్మా' అని మెల్లగ అనేదాన్ని. నీకు ఇనవడకుండ. ఆమెకు ఇనవడేది. అందుకే గోడ దిక్కు తిరిగి అడిగేది."

ఆ ఒక్క యేడైనా పూర్తిగా నాదే అనుకున్నాను. చెట్టూ నాదే, బాపమ్మా నాదే అనుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టుకొని, నా వెనకాల వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకున్నారన్న మాట! కడుపు భగ్గుమంది. ఈ వయసులో, బీపీ మాత్రలు మింగే మనిషిని, వంటింట్లో నిలబడి చచ్చిపోయిన బాపమ్మ మీదా, ఎదురుగా కూర్చున్న చెల్లె మీదా ఈర్ష్యతో ఉడికిపోయాను.

ఆమె ఇదేమీ చూడలేదు. కత్తి తీసుకొని ఒక కాయ చెక్కింది. ఉప్పూకారం నా డబ్బాల్లోంచి తానే తీసుకొని అద్దింది. ఒక ముక్క కొరికి, కళ్ళు చికిలించి, నాలుక టక్కున కొట్టింది.

"తింటవా అక్కా?"

"కారం తక్కువేసినవ్," అన్నాను, చెయ్యి చాపుతూ.